రాయికి కట్టిన నీలం గుడ్డ

హబీబుల్లా గేరు మార్చి మలుపు తిరిగాడు. కుందుర్పి దాటాక నీడ లేని ఎర్రనేల. రోడ్డు పక్కన మైలురాయి. రాయికి నీలం గుడ్డ.

గుడ్డ ఉంటే మనిషి ఉన్నట్టు. ఎండకు తాళలేక కల్వర్టు కింద కూర్చుంటారు. బస్సు ఆగితే గుడ్డ విప్పుకొని ఎక్కుతారు. సర్కారు బస్సు నడిపినన్నాళ్ళూ అతను అక్కడ ఆపాడు. ఆ బస్సు వచ్చిన రోజే వచ్చేది. ఇప్పుడిది కంపెనీ బస్సు. వేళకు వస్తుంది. స్టేజీ కానిచోట ఆగితే డ్రైవరు తల మీది పెట్టె కూస్తుంది, ఆఫీసుకు తెలుస్తుంది. పోయిన వారం తెలిసింది. మళ్ళీ ఆపితే ఇంటికి పొమ్మన్నారు.

నీలం గుడ్డ మారెక్కది. అనంతపురం పెద్దాసుపత్రికి పోయి రక్తం కడిగించుకొని వస్తుంది. భార్య మెహరున్నీసా చనిపోయి హబీబుల్లా పొయ్యి వెలిగించని రోజుల్లో సంగటి తెచ్చిపెట్టింది ఆమే.

పోయిన వారమే ఆమెకు చెప్పాడు.

"అక్కా, ఇంక స్టేజీకి రావాల."

"నా కాళ్ళ వాపు చూడప్పా. అంత దూరం యాడ నడుస్తా? నువ్వు నిలపకుంటే ఇంకెవురు నిలుపుతారు?" అని నవ్వింది.

ఈ రోజు అతను బ్రేకు మీద కాలు పెట్టాడు. తీసేశాడు.

"ఏమన్నా, గుడ్డ కనపల్లేదా?" వెనక సీటు నుంచి, రోజూ ఎక్కే నరసింహప్ప అరిచాడు.

"ఎండ కండ్లల్లో పడె."

అద్దంలో మారెక్క కల్వర్టు కింద నుంచి పైకి వస్తోంది. చెయ్యి ఎత్తి ఉంది.

"సర్కారుది రాదు, కంపెనీది నిలబడదు. బాగుండాది యవ్వారం," అన్నాడు నరసింహప్ప. హబీబుల్లా అద్దం వైపు మళ్ళీ చూడలేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో, రాయికి ముందు స్టేజీలో చౌడమ్మ ఎక్కింది. మారెక్క ఊరిదే.

"మారెక్క పానం పాయనన్నా. ఇంకో బస్సుకని స్టేజీకి నడుస్తానని బయల్దేరి దావలోనే పడిపోయినాది."

"ఎప్పుడు?"

"పొద్దున. నీ బస్సు పోయినాక."

రాయి దగ్గర బస్సు ఆపాడు. పెట్టె కూసింది. కూయనిచ్చి దిగాడు. ముడి బిగుతుగా ఉంది. దాని మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకున్నాడు. ఎక్కేవాళ్ళు విప్పాల్సిన ముడి.

వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. అద్దంలో రాయి, రాయికి నీలం గుడ్డ, కట్టింది కట్టినట్టే.