కేకుతో పెట్టిన పరీక్ష

కేకులమ్మకు గేటు దగ్గరే అనుమానం వచ్చింది. అమ్మకానికి పెట్టినవాడు తన బండిని తనే తిడుతున్నాడు.

"ఇది బండి కాదమ్మా, మంచం పట్టిన రోగి," అన్నాడు కళ్ళ డాక్టరు. "ఇవాళ బాగుంటుంది. రేపటి సంగతి నన్నడగొద్దు."

రోగి మాత్రం వాకిట్లో నిగనిగలాడుతోంది. ముదురాకుపచ్చ రంగు, నడుమెత్తు చక్రాలు, లోపల వెన్నలాంటి తోలు సీట్లు. కొత్తలో దీని ఖరీదుకు ఈ వీధిలో మంచి ఇల్లే వచ్చేది. కేకులమ్మ భర్త దాని చుట్టూ తిరుగుతున్నాడు. తిరుగుతున్నాడనడం కూడా తక్కువే, దాదాపు ప్రదక్షిణ చేస్తున్నాడు.

"నోరు మూసుకుని దాన్నొక్కసారి చూడవే," అన్నాడు భార్యతో.

"నోరు తెరుచుకుని మీరు చూస్తున్నారుగా, చాలు," అంది కేకులమ్మ.

ఆమె అసలు పేరు ఆ ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళిళ్ళకు అంతస్తుల కేకులు చేస్తుంది. వాటిని పగలకుండా చేర్చడం భర్త ఉద్యోగం. ఈ మధ్య ఆ ఉద్యోగం సరిగ్గా సాగడం లేదు. కొండ మీది హోటల్‌కు వాళ్ళ పాత వ్యాను మోసుకెళ్ళిన ఆఖరి రెండు కేకులూ దారిలోనే కూలిపోయాయి. గతుకుల రోడ్డు, మొండి వ్యాను. హోటల్ మేనేజరు రెండోసారి ఆ శిథిలాన్ని చూసి ఒకే మాట అన్నాడు: "శనివారం పెళ్ళి కేకు కూడా ఇలాగే వస్తే, ఇక మీరు రానక్కర్లేదు." ఆ హోటల్ పోతే దుకాణం సగం పోయినట్టే. శనివారం ఎల్లుండే.

అందుకే బండి కావాలి. బండి చూడటానికి అందరూ మెకానిక్‌ను తీసుకెళ్తారు, కేకులమ్మ కేకును తీసుకెళ్తుంది. మూడంతస్తుల తెల్ల కేకు చేసి, ముందు పారదర్శకమైన కాగితం ఉన్న పెట్టెలో పెట్టి, వెనక ఎక్కించి కొండ రోడ్డు మీద తిప్పమంటుంది. మెకానిక్ మొహమాటపడొచ్చు గానీ మీగడకు మొహమాటం ఉండదని ఆమె లెక్క. ఆ పరీక్షలో అప్పటికే చాలా బండ్లు తప్పాయి.

"ఇంతకీ దీనికున్న జబ్బులేమిటి డాక్టరుగారూ?" అని అడిగింది.

డాక్టరు హుషారుగా మొదలుపెట్టాడు. స్ప్రింగుల బదులు దీనికి గాలి సంచులుంటాయట, అవి కారతాయట. ఇంజన్ వేడెక్కుతుందట. నూనె తాగుతుందట. వాన పడితే లైట్లు వాటంతటవే వెలుగుతాయట. విడిభాగాలు సముద్రాలు దాటి రావాలట, వచ్చేలోపు మనిషికి జుట్టు నెరుస్తుందట.

వరండాలోంచి ఆయన భార్య అందుకుంది. "అబద్ధాలు అమ్మాయ్! నన్ను డొక్కు స్కూటర్ మీద తిప్పిన మనిషి, ఈ బండికి మాత్రం వేళకు అన్నీ చేయించాడు. తీసుకుపో తల్లీ, ఆ చోటులో నాలుగు గులాబీ కుండీలు పెట్టుకుంటాను."

"నువ్వూరుకో," అన్నాడు డాక్టరు. "రేపు వాళ్ళు కొండ మీద ఆగిపోతే పాపం ఎవరికి?"

"వచ్చినవాళ్ళనల్లా ఇలాగే బెదరగొట్టి పంపుతున్నారు. ఆ పాపం ఎవరికండీ?"

కేకులమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పొగిడేవాడి మాటలో అబద్ధం ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. తిట్టేవాడి మాటలో ఎక్కడ వెతకాలో తెలియలేదు.

"ఎక్కండి. కేకే చెబుతుంది," అంది.

భర్త ఎంతో జాగ్రత్తగా పెట్టెను వెనక సర్దాడు. ఎప్పుడూ లేనిది, మూత తనే వేశాడు, తాడు తనే కట్టాడు. తర్వాత స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. డాక్టరు పక్క సీట్లో, కేకులమ్మ వెనక కేకు పక్కన. బండి బయల్దేరుతుండగా డాక్టరు ముందుకు వంగాడు.

"ఏమైంది?"

"ఏం లేదమ్మా, బూటు లేసు."

ఊరు దాటాక రోడ్డు మొదలైంది. రోడ్డంటే మర్యాదకు, నిజానికి గుంతల మధ్య మిగిలిన తారు. మొదటి గుంతలో బండి పడవలా ఊగి లేచింది. రెండోది తెలియనే లేదు. "చూశావా? ఉయ్యాల!" అన్నాడు భర్త. అతని గొంతులో కొత్తగా పెళ్ళైనవాడి ఆనందం ఉంది.

కేకులమ్మకూ లోపల ఆశ పుట్టింది. సరిగ్గా అప్పుడే ముందు అద్దం కింద పసుపు దీపం వెలిగింది. బండి బుస్సుమని ఓ నిట్టూర్పు విడిచింది, మోకాళ్ళ మీద కూలబడిన ఒంటెలా చతికిలపడింది. ఆ తర్వాత ప్రతి రాయీ నేరుగా వెన్నుపూసలోకే వచ్చింది. కేకులమ్మ పళ్ళు టకటకలాడాయి. తల పైకప్పుకు తగిలింది.

"చెప్పానా! గాలి సంచులు!" అన్నాడు డాక్టరు. బాధతో అనాల్సిన మాటను పండగలా అన్నాడు.

కేకులమ్మ పెట్టె వైపు తిరిగింది, ముక్కలు చూడటానికి సిద్ధపడి.

కేకు చెక్కుచెదరలేదు.

బండి మరో గుంతలో దభీమని పడింది. కేకు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. అంచు మీది మీగడ ముత్యం ఒక్కటి కూడా రాలలేదు. కేకులమ్మకు ఇరవయ్యేళ్ళ అనుభవం. మనిషికి పళ్ళు కదిలే చోట మూడంతస్తుల కేకు కదలకుండా ఉండదు.

"ఆపండి."

"పైదాకా వెళ్దామే..."

"ఆపండీ!"

ఆమె పెట్టె తెరిచి, సంచిలోంచి చాకు తీసి, కేకు నడిమి అంతస్తులో దించింది. కిర్రుమంది. లోపల స్పాంజి లేదు, థర్మోకోల్ ఉంది. దుకాణం అద్దాల బీరువాలో నమూనాకు పెట్టే కేకు అది!

భర్త స్టీరింగ్ మీద ఉన్న దుమ్మును వేలితో తుడవడం మొదలుపెట్టాడు. దాని మీద దుమ్మేమీ లేదు.

"అసలు కేకు ఏదీ?"

"ఫ్రిజ్‌లో ఉంది." కాసేపాగి, "చాలావరకు," అన్నాడు.

"ఎందుకు చేశారీ పని?"

"నీ పరీక్షలో ఏ బండైనా నెగ్గిందా ఇంతవరకు? దీన్ని కూడా తప్పిస్తావని భయమేసింది. కావాలనిపించింది, అంతే. నా బతుక్కి ఇలాంటి బండి ఇంకోసారి దొరుకుతుందా?"

డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కేకులమ్మ చూపు ఆయన మీదికి మళ్ళింది. మొహం మీద మొదలై కిందికి దిగి పాదాల దగ్గర ఆగింది.

"డాక్టరుగారూ, మీరు వేసుకున్నవి చెప్పులు."

నవ్వు ఆగింది.

"చెప్పులకు లేసులెక్కడివి? అక్కడ వంగి ఏం పీకారు?"

కళ్ళ డాక్టరు కళ్ళు వాల్చాడు. జేబులోంచి వేలిగోరంత ఫ్యూజు తీసి ఆమె చేతిలో పెట్టాడు. గాలి సంచులకు కరెంటు అందించే ఫ్యూజు.

"గుట్టల మీది పల్లెలకు కంటి పరీక్షలకు దీని మీదే తిరిగానమ్మా," అన్నాడు మెల్లగా. "మా ఆవిడకు ఎదురు చెప్పలేను, దీన్ని అమ్మనూ లేను."

ఒకడు బండిని నెగ్గించడానికి మోసం చేశాడు. ఇంకొకడు ఓడించడానికి చేశాడు. ఆమెకు మాత్రం బండి గురించి పొద్దున ఎంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు. శనివారం మాత్రం ఒక పూట దగ్గరపడింది.

"సరే. ఇప్పుడు నిజం చెప్పండి. చెప్పిన జబ్బుల్లో నిజమైనవెన్ని?"

"ఒకటే. ఇంజన్ ఆపితే కాసేపటికి కూర్చుంటుంది. మళ్ళీ లేవడానికి మారాం చేస్తుంది. ఆపకపోతే రాణీలా నిలబడుతుంది."

"ఒట్టు?"

"ఒట్టు."

ఇంకో దారి లేదు. శనివారం కేకు ఇదే మోయాలి, ఆ కేకే పరీక్ష. "కానీ మీరే నడపాలి," అంది. డాక్టరు ఆ మాట పూర్తవకముందే తలూపాడు.

శనివారం అసలు కేకు ఎక్కింది. నాలుగంతస్తులు, వెన్న మీగడ. తాడు కేకులమ్మే కట్టింది. భర్తను పెట్టె పక్కన కూర్చోబెట్టి, తను ముందు డాక్టరు పక్కన కూర్చుంది.

బండి గుంతల మీద తేలిపోయింది. డాక్టరు ప్రతి రాయినీ పాత పరిచయస్తుణ్ణి పలకరించినట్టు తప్పించాడు. సగం కొండ ఎక్కాక, మలుపులో ఒక లారీ అడ్డంగా నిలబడి కనిపించింది. ఇరుసు విరిగింది. దాని వెనక బారెడు వరస. వెనక్కి తిరగడానికి చోటు లేదు.

ఇంజన్ ఆపకుండా నిలబడ్డారు. కాసేపటికి ముందు అద్దం కింద ఒక ముల్లు పైకి పాకడం కేకులమ్మ చూసింది.

"అదేమిటి?"

డాక్టరు దానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"డాక్టరుగారూ! అది వేడి ముల్లు కదూ? జబ్బు ఒకటే అన్నారు!"

"ఒకటిన్నర," అన్నాడు డాక్టరు.

ముల్లు ఎర్ర గీతకు దగ్గరైంది. ఇంజన్ ఆపితే బండి కూలబడుతుంది, పై రోడ్డు మీద కేకు పచ్చడవుతుంది. ఆపకపోతే ఇంజనే పోతుంది.

"ఒక ఉపాయముంది," అన్నాడు డాక్టరు. "బండి లోపల హీటరు పూర్తిగా పెడితే ఇంజన్ వేడి మన మీదికి వస్తుంది. అది చల్లబడుతుంది, మనం ఉడుకుతాం."

"నా మీగడ కరిగిపోతుందండీ!"

అప్పుడు కదిలాడు భర్త. చొక్కా విప్పాడు, కేకు కింద పరిచే గుడ్డ తీసి దానికి కలిపాడు. నీళ్ళ సీసా వాటి మీద గుమ్మరించి, ముందు సీట్లకూ కేకుకూ మధ్య తడి తెరలా రెండు చేతులా చాచి పట్టుకున్నాడు. "వెనక తలుపు తెరువు, కొండగాలి రానీ! పెట్టండి డాక్టరుగారూ!"

హీటరు బుసలు కొట్టింది. ముందున్న ఇద్దరికీ చెమట ధారలు కట్టింది. తెర ముందు బనియనుతో నిలబడ్డ మనిషి వేడంతా వీపు మీద కాస్తూ, చేతులు వణుకుతున్నా దించలేదు. కేకులమ్మ పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన్ని అంతసేపు కదలకుండా చూడలేదు. ముల్లు ఎర్ర గీత అంచున ఆగింది, ఆలోచించింది, వెనక్కి తిరిగింది. లారీని పక్కకు లాగేదాకా అలాగే ఉడికారు.

హోటల్ మేనేజరు పెట్టె మూత తీసి, కేకు చుట్టూ నడిచాడు. ఒక పక్క మీగడ కాస్త జారింది. కేకులమ్మ అక్కడ అప్పటికే ఒక మీగడ గులాబీ పూయించింది. మేనేజరు ఆ గులాబీనే మెచ్చుకున్నాడు.

"వచ్చే శనివారం కూడా ఉంది. తెస్తారుగా?"

"తెస్తాం," అంది.

బయట డాక్టరు ఇంజన్ ఆపాడు. బండి సుఖంగా నిట్టూర్చి నేల మీద కూర్చుంది. భర్త తడి చొక్కా పిండుకుంటూ ఆశగా చూశాడు. "కొందామా?"

"కొనం."

ఇద్దరు మగాళ్ళ మొహాలూ ఒకేసారి మారాయి. ఒకటి వాడిపోయింది, ఒకటి విచ్చుకుంది.

"కొంటే మనకు బండొస్తుంది, డాక్టరుగారు రారు. ఆయన లేకపోతే ఇవాళ మనం ఆ మలుపులోనే కూర్చుని కేకు తింటూ ఉండేవాళ్ళం. ఇది బండీ ఆయనా కలిసి ఒకటే సరుకు. శనివారాలు అద్దెకు కావాలి డాక్టరుగారూ, బండీ మీరూ. మిగతా అరజబ్బేదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

"వానకు లైట్లు వెలగడం," అన్నాడు డాక్టరు నిజాయితీగా. "అది పావు."

"మరి నేను?" అన్నాడు భర్త.

"మీరు తెర. మీకంటే మంచి తెర నాకు దొరకదు." చెబుతూనే తన చున్నీతో ఆయన మెడ మీది చెమట తుడిచింది.

డాక్టరు అప్పటికే భార్యకు ఫోన్ చేస్తున్నాడు. సంతోషం పట్టలేక గట్టిగా మాట్లాడుతున్నాడు కాబట్టి, అవతలి గొంతు కూడా అందరికీ వినిపించింది.

"అయితే బండి పోదా?"

"శనివారాలు పోతుంది. దాంతో నేనూ పోతాను, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వస్తాను."

అవతల క్యాలెండరు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఏమండీ, ఆ అమ్మాయికి ఒకసారి ఫోనివ్వండి," అంది ఆవిడ.

కేకులమ్మ భయపడుతూనే అందుకుంది. "చెప్పండి పిన్నిగారూ."

"ఒక్క శనివారమేనా అమ్మాయ్? ఆదివారం పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళే లేరా మీ కొండ మీద?"