కాగు కదలని కొండ

పాత వంటిల్లు పడగొట్టే రోజు పొద్దున్నే బున్నం వచ్చి పొయ్యి ముందు చతికిలబడింది. కోడలు యంగ్‌సన్ అప్పటికే పచ్చడి జాడీలన్నీ పెరట్లోకి చేర్చేసింది. పక్కన సిమెంటుతో కట్టిన కొత్త వంటగదిలో గ్యాసు పొయ్యికి గట్టు సిద్ధంగా ఉంది. ఇక మిగిలింది ఒక్కటే, మట్టిపొయ్యిలో కుదురుగా కూర్చున్న ఇనప కాగు.

"అత్తయ్యా, పాత ఇనుము కొనేవాడు మధ్యాహ్నం వస్తానన్నాడు. మావయ్యతో చెప్పి దాన్ని పెకలించమనండి."

"నువ్వే చెప్పు."

"నేను చెబితే ఆయనకి ఆ చెవి వినపడదు. మీరు చెబితే ఈ చెవి వినపడదు. ఇక మూడో చెవి ఎక్కడ తెచ్చేది?"

బున్నం నవ్వింది గాని లేవలేదు. చెప్పడానికి భయం. మొగుడు చిల్‌సంగ్ ఈ ముప్పై అయిదేళ్ళలో ఆ కాగు గురించి ఒక్క మాట మాట్లాడి ఎరగడు. అడిగితే "పోనీలే, పాత సామాను" అనేస్తాడేమో. ఆ మాట అతని నోటంట వింటే తను తట్టుకోలేదు. అందుకని అడక్కుండానే మధ్యాహ్నం అయ్యేట్టుంది.

కాగు మెడ చుట్టూ మెత్తిన మట్టిలో, ఎడమ పక్కన, మూడు వేళ్ళ గుర్తులున్నాయి. ఏటా పొయ్యికి కొత్త మట్టి పూసినప్పుడల్లా బున్నం ఆ జానెడు మేర వదిలేసి పూస్తుంది. ఎందుకని కోడలు ఎన్నోసార్లు అడిగింది. అక్కడ మట్టి గట్టిగానే ఉందిలే అని దాటేసింది.

ఆ వేళ్ళు కెప్టెన్ ప్యోవి.

ముప్పై అయిదేళ్ళ కిందట, యుద్ధం వచ్చిన ఏడు, ఎండాకాలంలో ఉత్తర దేశపు సైన్యం నది దాకా వచ్చేసింది. నదికి ఇవతల ఎద్దుమూపు కొండ. కొండ కింద ఊరు. కొండ పోతే ఊరు పోయినట్టే. పెళ్ళై ఏడాది తిరగని చిల్‌సంగ్‌ని సైన్యంలోకి లాక్కుపోయి, చివరికి అతని సొంత ఊరి కొండ మీదే కాపలా పెట్టారు.

అప్పుడు ఉన్న కెప్టెను వేరే. పిరికివాడనడానికి లేదు, మరీ జాగ్రత్త మనిషి. దళం కాగుల్ని ఎప్పుడూ లారీ మీదే ఉంచేవాడు. వంట అవగానే కడిగి, లారీ ఎక్కించి, తాళ్ళతో బిగించెయ్యాలి. ఎప్పుడు కదలమంటే అప్పుడు కదలడానికట. కొండ మీద కుర్రాళ్ళు శత్రువుని చూసినదానికంటే ఆ లారీని చూసిందే ఎక్కువ. ఇల్లు మారితే ముందు కాగు వెళ్ళి కొత్తింట్లో కూర్చోవాలి, ఆ వెనక మనుషులు. అమ్మ కడుపులోంచి వచ్చిన దగ్గర్నుంచి వాళ్ళు చూసింది అదే. కాగు ఎక్కడుంటే ఇల్లక్కడ. అది లారీ మీదుంటే ఇల్లు ఎటు పోతున్నట్టు? ఒకనాడు ఫిరంగులు మోగాయి, వెంటనే లారీ ఇంజనూ మోగింది. లారీ ఏటి మలుపు తిరిగేలోగా సగం కొండ ఖాళీ అయింది.

మర్నాడు తెల్లవారుతూండగా చిల్‌సంగ్ పెరటి గోడ దూకి వచ్చాడు. బున్నం అతన్ని వంటింట్లో కట్టెల మోపుల వెనక దాచి, తడిసిన బూట్లు పొయ్యి పక్కన ఆరబెట్టింది. పారిపోయిన వాడు దొరికితే కాల్చేస్తారని ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే కొత్త కెప్టెను ప్యో గుమ్మంలోకి వచ్చాడు. బక్కపల్చని మనిషి, కుంటుతున్నాడు. కళ్ళజోడు ఒక కొమ్మ విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు.

"అమ్మా, మా కాగులు లారీతో పాటు పోయాయి. పైన పిల్లలు పచ్చి బార్లీ నములుతున్నారు. మీ కాగు పెద్దదని ఊళ్ళో అన్నారు."

బున్నం అత్తగారు నడుం మీద చెయ్యేసి నిలబడింది. "మొన్నటి కెప్టెను మా ఎద్దుని తోలుకుపోయాడు. ఇవాళ నువ్వు కాగు పట్టుకుపో. రేపొచ్చేవాడికి ఏమీ మిగలకపోతే నన్ను పట్టుకుపొమ్మంటా."

"మిమ్మల్ని పట్టుకుపోతే శత్రువే పారిపోతాడమ్మా, యుద్ధం అయిపోతుంది," అన్నాడు కెప్టెన్ నవ్వుతూ.

వంటింట్లోకి వంగి వచ్చి కాగు మూత ఎత్తాడు. బార్లీ అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. ఇద్దరు ఆడవాళ్ళకి ఎక్కువ. ఆ తరవాత అతని చూపు పొయ్యి పక్కకి వెళ్ళింది. కెప్టెన్ బూట్లని చూశాడు. కట్టెల మోపుల్ని చూశాడు. నెమ్మదిగా కూర్చుని ఆ బూట్లు రెండూ తీసి, ముక్కులు గుమ్మం వైపు తిప్పి, జతగా పెట్టాడు. ఇంటికొచ్చిన పెద్దలు బయల్దేరేటప్పుడు చెప్పులు తిప్పి పెడతారే, అలా.

"కాగు బరువు. నాకు కాలు బాగాలేదు," అన్నాడు, కట్టెలకు చెబుతున్నట్టు. "దీన్ని కొండ మీదికి మోసినవాణ్ణి నిన్న ఎక్కడున్నావని నేను అడగను. ఇంకెవర్నీ అడగనివ్వను."

అత్తగారి చెయ్యి నడుం మీంచి దిగింది. "మోసినవాడు తిరిగొస్తాడా బాబూ?"

"అది నేను చెప్పలేనమ్మా. చెబితే అబద్ధం. కానీ మా కుర్రాళ్ళు పైనుండగా కాగు కిందికి దిగదు. ఆ మాట ఇస్తాను."

అప్పుడు కట్టెలు కదిలాయి. చిల్‌సంగ్ తల వంచుకుని బయటికొచ్చి, బూట్లు తొడుక్కుని, వీపుకి కర్రల మోత చట్రం తగిలించుకున్నాడు. కాగు పెకలించి దానికెత్తారు, బున్నం తాళ్ళు బిగించింది.

కొండ నడుం మీద, శత్రువు ఉన్న వైపుకి వెనక వాలున, కెప్టెన్ పొయ్యి కట్టించాడు. కట్టించడమేమిటి, ప్యాంటు మడిచి తనే మట్టి తొక్కాడు. బున్నంతో, అత్తగారితో కలిసి వండటానికి వచ్చిన ఊరి ఆడవాళ్ళు మూతులు మూసుకుని నవ్వారు. పొగ పైకి లేస్తే శత్రువుకి కనిపిస్తుందని సార్జెంటు గొణిగాడు.

"కనిపించనీ. మనవాళ్ళకీ కనిపిస్తుందిగా. మనకి కావలసింది అదే."

పైనుంచి ఎవడో అరిచాడు. "ఒరేయ్, కాగు దించాడ్రా! మట్టి కూడా మెత్తేశాడు!"

"అయితే ఈయన కాపరం పెట్టేశాడన్నమాట!" ఇంకొకడు. కొండంతా నవ్వు. అన్ని రోజుల్లో ఆ కొండ మీద నవ్వు వినడం బున్నానికి అదే మొదటిసారి. ఆ రాత్రి కుర్రాళ్ళు బూట్ల తాళ్ళు వదులు చేసుకుని పడుకున్నారు.

పెద్ద దాడి ఒక పొద్దుటి పూట వచ్చింది. కొండ దద్దరిల్లిపోయింది. ఎడం పక్క దళం వెనక్కి తగ్గిందనీ, వంట సామానుతో కిందికి దిగమనీ పరుగెత్తుకొచ్చి ఒకడు చెప్పాడు. కెప్టెన్ కాగు వైపు చూశాడు. అందరూ అతని వైపు చూశారు.

"నీళ్ళు పొయ్యండి," అన్నాడు. "బార్లీ కడగండి. మన కుర్రాళ్ళు దిగొచ్చేసరికి అన్నం ఉడికుండాలి. అమ్మా, మీరు ఆడవాళ్ళని తీసుకుని ఊళ్ళోకి వెళ్ళండి, మంట మా వాడు చూస్తాడు."

"మీ వాడికి మంట పెట్టడం వచ్చా? పొగ తప్ప ఏమీ రాదు," అంది అత్తగారు. "నా కాగు ఇక్కడుంటే నేనెక్కడికి పోతాను? ఒసే బున్నం, కట్టె ఎగదొయ్యి."

కెప్టెన్ కుంటుకుంటూ పైకి వెళ్ళిపోయాడు. బున్నం మంట ఊదుతూనే ఉంది. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా, ఆ పొగ అంచు కొండ శిఖరం దాటుతోందో లేదో అనే చూస్తోంది. అక్కడెక్కడో ఒకడు వెనక్కి తిరిగి చూస్తాడు. చూసినప్పుడు పొగ కనిపించాలి. అంతకుమించి ఆమె దేన్నీ కోరుకోలేదు.

పొద్దెక్కాక మోత ఆగింది. కొండ నిలిచింది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే దిగొచ్చారు. దిగిరాని వాళ్ళూ ఉన్నారు. ఆఖర్న చిల్‌సంగ్ వచ్చాడు, చెవి నుంచి మెడ దాకా నెత్తురు. అతను పొయ్యి ముందు కూలబడి, "అన్నం ఉడికిందా?" అని మాత్రం అడిగాడు.

ఉప్పునీళ్ళలో తడిపిన చేతులతో అత్తాకోడళ్ళు చేసిన అన్నం ముద్దలు అందరికీ అందాక కెప్టెన్ వచ్చాడు. కాగు ఖాళీ. చెక్క గరిటెతో అడుగున మాడు గీక్కుని, మాడు నీళ్ళు తాగి, "బావుందమ్మా," అన్నాడు. ఆ కొండ మీదున్నన్నాళ్ళూ అతనికి దక్కింది ఆ మాడే.

దళం ఉత్తరానికి బయల్దేరే రోజు కెప్టెన్ కాగుని చిల్‌సంగ్ వీపు మీదే ఇంటికి పంపించాడు. తను వెనకాలే వచ్చాడు. "కాగు లేని ఇల్లు ఇల్లెలా అవుతుంది?" అని మళ్ళీ తనే మట్టి కలిపి, దాన్ని పొయ్యిలో కూర్చోబెట్టి, అంచు మెత్తి వేళ్ళతో నొక్కాడు. అత్తగారు మాడుపెచ్చు మూటకట్టి ఇచ్చింది. ఆ చలికాలం ఏదో కనుమ దగ్గర కెప్టెన్ అందర్నీ ముందు దాటించి, తను దాటలేదని కబురొచ్చింది. యుద్ధం అయిపోయి తిరిగొచ్చాక చిల్‌సంగ్ ఆ సంగతి ఎత్తలేదు. కాకపోతే ఇంట్లో ఎప్పుడూ అందరూ తిన్నాకే తినేవాడు. పిల్లలు అది నాన్న చాదస్తం అనుకుని పెరిగారు.

"అత్తయ్యా, ఇనుము వాడొచ్చేశాడు!"

బున్నం ఉలిక్కిపడి లేచింది. వీధిలో బండి చప్పుడు. కోడలు గ్యాసు పొయ్యిని రెండు చేతులా ఎత్తుకుని కొత్త వంటగది గడప దాటబోతోంది.

"ఆగు!"

చిల్‌సంగ్ గొంతు. కోడలు ఉన్నచోటే ఆగిపోయింది. అతను చూరు కింద వేలాడుతున్న పాత మోత చట్రం దించి, దుమ్ము దులిపి, వంటింట్లోకి వచ్చాడు. గునపంతో మట్టి చుట్టూ పొడిచాడు గాని, ఎడమ పక్క ఆ జానెడు ముక్కని చేత్తో ఒడుపుగా తీసి బున్నం చేతిలో పెట్టాడు. కాగు చట్రానికెత్తి, మోకాలి మీద లేవబోయి తూలాడు. బున్నం రెండో చేత్తో వెనకనుంచి పట్టుకుంది.

"మావయ్యా, నడుం! దాన్ని లోపల ఎక్కడ పెడతారు? చోటేదీ?"

"ముందు అది వెళ్ళాలి," అన్నాడు. "పొయ్యి కడతా. గ్యాసు పొయ్యి పక్కనుంటుంది, దాని దారి దానిది."

"ఇనుము వాడికేం చెప్పను?"

"వాడికీ ఇంత అన్నం పెట్టి పంపు."

గడప దగ్గర చెప్పులు విడిచి అతను లోపలికెళ్ళాడు. బున్నం వంగి ఆ చెప్పుల్ని తిప్పి పెట్టింది. ఆ తరవాత పెరట్లో కూర్చుని చేతిలోని పాత మట్టిని చిదిపి కొత్త మట్టిలో కలిపింది. మూడు వేళ్ళ గుర్తులు పిండిలా రాలిపోతుంటే ఒక్క క్షణం ఆగి చూసింది. అంతలో చిల్‌సంగ్ వచ్చి మట్టి ముద్ద అందుకున్నాడు.

సాయంత్రానికి కాగు కూర్చుంది. కోడలు ముక్కు చిట్లిస్తూనే తొలి అన్నం వండింది. అందరూ తిన్నాక చిల్‌సంగ్ గరిటె తీసుకుని అడుగు గీకుతూ కూర్చున్నాడు. బున్నం దీపం వెలుగులో కాగు మెడ వైపు చూసింది. ఎడమ పక్కన, తడి మట్టిలో, మూడు వేళ్ళు దిగి ఉన్నాయి.