లైన్లోనే ఉండండి

ఆ లాప్‌టాప్ కోడలిదే గానీ, పెత్తనమంతా అత్తగారిది. ఆవిడకి చెవులు పూర్తిగా వినపడక చాలా కాలమైంది. ఇంట్లో ఎవరేం మాట్లాడినా కోడలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని టకటకా టైపు చేస్తుంది. తెర మీద ఇంతింత లావున పడ్డ అక్షరాలు చదువుకుని ఆవిడ నోటితో జవాబిస్తారు. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వేశాక, ఒక్క క్షణం ఆగి ఆవిడా నవ్వుతారు. ఆ వెనకబడ్డ నవ్వంటే కోడలికి ప్రాణం.

అలాంటి లాప్‌టాప్‌కి మాయరోగం పట్టుకుంది. మాట మధ్యలో ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అది మళ్ళీ లేచేసరికి కబుర్లు ఎక్కడికో వెళ్ళిపోయేవి. అత్తగారు ఒకళ్ళ మొహం నుంచి ఇంకొకళ్ళ మొహానికి చూస్తూ ఉండిపోయేవారు.

ఇంకో రెండ్రోజుల్లో పాత టెలిఫోన్ ఎక్స్‌చేంజి స్నేహితురాళ్ళంతా కలుసుకుంటున్నారు. అత్తగారు అక్కడ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. "చెవిటిదాన్ని, బొమ్మలా కూర్చోడానికి నేనెందుకే?" అని మొండికేస్తే, "పక్కనే కూర్చుని ప్రతి ముక్కా టైపు చేస్తాను, పూచీ నాది" అని కోడలు ఎలాగో ఒప్పించింది.

"సరే. కానీ నీ పెట్టె మధ్యలో మూగనోము పట్టిందంటే మాత్రం లేచి వచ్చేస్తా. అంతమందిలో నాకు తలవంపులు" అన్నారు ఆవిడ.

ఆ పెట్టెలో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించిన మహానుభావుడు కోడలి తమ్ముడు. మూత నిండా లినక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మలు అతికించిన పుణ్యానికి అతన్ని ఇంటిల్లిపాదీ పెంగ్విన్ అనే పిలుస్తారు. కబురందగానే, ఆ కలయిక రేపనగా పొద్దున్నే ఊడిపడ్డాడు.

"లినక్స్ తప్పేం లేదక్కా."

"నీ లినక్స్ ఎప్పుడు తప్పు చేసింది గనక!"

"నిజంగానే. ఇది ఫర్మ్‌వేర్ గొడవ. లినక్స్ కన్నా కింద, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం అది. తయారుచేసినవాళ్ళు కొత్తది ఇచ్చారు, ఈ బిగుసుకుపోవడం అందులో సరిచేశారట. అది ఎక్కిస్తే చాలు."

ఎక్కితే కదా! డౌన్‌లోడ్ శుభ్రంగా అవుతుంది. రీస్టార్ట్ చెయ్యమంటుంది. తెర నల్లబడుతుంది. కాసేపటికి లేచాక చూస్తే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పాత వెర్షనే. పెట్టె లేవడానికి కావలసిన ఫైళ్ళుండే బూట్ పార్టిషన్‌లో చోటు చాల్లేదేమోనని పెంగ్విన్ అక్కడి పాత ఫైళ్ళన్నీ ఊడ్చేశాడు. బోర్డు తాలూకు బయోస్‌లోకి దూరి, అప్‌డేట్లు రాకుండా ఏదైనా సెట్టింగ్ అడ్డుపడుతోందేమో చూశాడు. ఊహూ. ప్రతిసారీ రీస్టార్ట్ నొక్కగానే అక్కని కూడా వరండాలోకి లాక్కుపోయేవాడు. అది పని చేసుకుంటుంటే మనిషి నెత్తిన నిలబడకూడదని అతని నమ్మకం. అంత చదువుకున్నవాడికి ఇదేం పిచ్చో!

చివరికి, పోయినసారి ఏమైందో చెప్పమని కమాండ్ కొట్టాడు. "చార్జర్ కరెంటు లేదు కాబట్టి అప్‌డేట్ ఆపేశానంటోంది" అన్నాడు.

ఇద్దరూ చార్జర్ వంక చూశారు. తీగ తగిలించే ఉంది. దాని దీపం నిక్షేపంలా వెలుగుతోంది.

"అబద్ధాలాడటం కూడా నేర్పావా దీనికి?" అంది అక్క.

మళ్ళీ రీస్టార్ట్ నొక్కారు. ఈసారి తమ్ముడు ఎంత లాగినా ఆమె గుమ్మం దాటలేదు. తెర నల్లబడింది. బల్లకి అటువైపు పేపరు చదువుకుంటున్న అత్తగారు తలెత్తి చూశారు. చెయ్యి చాచి, లాప్‌టాప్ నుంచి చార్జర్ తీగ పుటుక్కున పీకి, చక్కగా చుట్టి పక్కన పెట్టి, మళ్ళీ పేపర్లో పడ్డారు. బ్యాటరీ ఉండబట్టి పెట్టె ఆరిపోలేదంతే. కాసేపటికి తెర వెలగగానే ఆవిడ తీగ విప్పి ఎక్కడిదక్కడ తగిలించేశారు.

"అత్తయ్యా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది కోడలు. వినపడితే కదా! ఆవిడ తీరిగ్గా పేజీ తిప్పారు.

కోడలు పరుగున వచ్చి టైపు చేసింది: "తీగ ఎందుకు పీకారు?"

"మాట అయిపోయిందిగా" అన్నారు ఆవిడ. "మా ఎక్స్‌చేంజి బోర్డు మీద మాట అయిపోగానే తీగ పీకెయ్యాలమ్మా. లేకపోతే ఆ లైను ఇంకెవరికీ దొరకదు. అదే చేతికి అలవాటైపోయింది. ఏం, ఏమైంది?"

సంగతంతా చదివాక ఆవిడ మొహం చిన్నబోయింది. "అయితే పొద్దుట్నుంచీ మీరు పడుతున్న అవస్థంతా నా వల్లేనా? నాకొక్క ముక్క చెప్పకూడదూ?"

కోడలికి అప్పుడు తట్టింది. నిజమే కదా! పొద్దుట్నుంచీ అక్కాతమ్ముళ్ళు ఆవిడ ఎదురుగానే ఒకటే వాదన. అదంతా ఆవిడ కోసమే, కానీ ఆవిడకి మాత్రం ఎవరూ చెప్పలేదు. పెట్టె బాగయ్యాక చెబుదాంలే అనుకున్నారు. కోడలికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"తప్పు నాది అత్తయ్యా" అని టైపు చేసింది. "తెర నల్లబడితే మాట అయిపోయినట్టు కాదు. లోపల అసలు మాట అప్పుడే మొదలవుతుంది. మధ్యలో తెగితే పెట్టె ఇంక లేవకపోవచ్చు కూడా. ఈసారి తీగ మీరే పట్టుకోండి."

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, కుర్చీ ముందుకి జరుపుకుని, తీగ మొన మీద చెయ్యి వేశారు. కోడలు రీస్టార్ట్ నొక్కింది.

తెర నల్లబడింది. ఎప్పటిలా వెంటనే లేవలేదు. లోపలి ఫ్యాను హోరెత్తిపోయింది. పెంగ్విన్ నమ్మకం గాలికి పోయి, గోళ్ళు కొరుక్కుంటూ లోపలికొచ్చేశాడు.  అత్తగారు మాత్రం వేలు కదపలేదు. నల్లతెర వైపు వంగి, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని మెత్తటి ఉద్యోగపు గొంతుతో, "లైన్లోనే ఉండండి" అన్నారు.

తెర మీద ఒక తెల్లగీత పుట్టి, మెల్లిగా పాకి, చివరిదాకా వెళ్ళింది. వెళ్ళి, మళ్ళీ తెర నల్లబడింది. "హమ్మయ్య, అయిపోయింది" అంటూ పెంగ్విన్ మీట నొక్కడానికి చెయ్యి చాపాడు. అత్తగారు ఆ చేతి మీద ఒక్కటి వేశారు.

"అయిపోలేదు. ఆగు!"

ఆగాడు. పెట్టె లేచింది. వెర్షన్ కొత్తది.

ఇక చూడాలి ఆ మధ్యాహ్నం! పెట్టెని పరీక్షించే వంకతో పెంగ్విన్ తన పాచి జోకులన్నీ బయటికి తీశాడు. కోడలు వేళ్ళు నొప్పెట్టేదాకా టైపు చేసింది. లాప్‌టాప్ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. అత్తగారు ప్రతి జోకుకీ ఒక్క క్షణం ఆలస్యంగా, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు.

"రేపు వస్తున్నట్టేనా?" అని టైపు చేసింది కోడలు.

"రాక? కానీ తీగ నా చేతిలోనే ఉంటుంది. నిన్ను నమ్మలేనమ్మా, తెర నల్లబడగానే నన్నొదిలేసి వరండాలోకి పోతావు."

కోడలు లాప్‌టాప్‌తో సహా లేచి వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది.