స్థానికుల హర్షం

రమాకాంత్ రాసిన వార్తల్లో ఇప్పటిదాకా ఏడ్చినవాడు ఒక్కడూ లేడు. కాలువ తవ్వితే స్థానికులు హర్షం వ్యక్తం చేశారు. తవ్వుతామంటే హర్షం వ్యక్తం చేశారు. తవ్వడం వాయిదా పడితే, త్వరలోనే తవ్వుతామని మాటిచ్చినందుకు హర్షం వ్యక్తం చేశారు. హనుమకొండలోని వరద కాలువల మండలికి అతను పౌరసంబంధాల అధికారి. వరద సంగతి, కాలువల సంగతి చూసుకోవడానికి ఇంజినీర్లున్నారు. హర్షం సంగతి మాత్రం అతనిదే.

అతని పనితనం గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. మామూలు వాళ్ళు జరిగింది రాస్తారు, రమాకాంత్ జరగబోయేది రాస్తాడు. పత్రికల్లో జిల్లా పేజీ సాయంత్రానికల్లా నిండిపోవాలాయె. డైరెక్టర్ పద్మలత మేడం కార్యక్రమాలేమో సాయంత్రమైతే గాని మొదలుకావు. అందుకని పొద్దున చాయ్ తాగుతూనే, మేడం ఇంకా ఇల్లు కదలకముందే, ఆమె వెళ్ళి, చూసి, ఆదేశించి, జనంతో ఆప్యాయంగా మాట్లాడి వచ్చినట్టు రాసేసి, పాత ఫొటో ఒకటి తగిలించి పంపేసేవాడు. ఆ తర్వాత మేడం వెళ్ళి అచ్చం అలాగే చేసేవారు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది నీ కొలువు" అని భార్య రమ ఎన్నిసార్లు దెప్పినా అతను నవ్వి ఊరుకునేవాడు. సోమలింగం పుట్టకపోవడమన్నది అంతవరకూ జరగలేదు మరి.

ఆ బుధవారం కొత్తవాడలో పెద్దమోరీ పూడిక తీయించే కార్యక్రమం. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళ మగ్గాలు నేలలో తవ్విన గుంతల మీద ఉంటాయి. గుంతలోకి కాళ్ళు జారవిడిచి కూర్చుని నేస్తారు. మోరీ పూడుకుపోతే, గట్టి వాన పడ్డ ప్రతిసారీ ఆ మురికినీళ్ళన్నీ తిన్నగా వచ్చి ఆ గుంతల్లోనే కూర్చుంటాయి. ఇక మగ్గం ఆగినట్టే, కూడు ఆగినట్టే.

"రమాకాంత్ గారూ, మీ ప్రెస్ నోట్లలో మనుషులు కనబడట్లేదండీ" అన్నారు మేడం అంతకు ముందురోజు. "ఎంతసేపూ స్థానికులు, స్థానికులు. ఎవరిదైనా ఒక పేరు వేయండి. హ్యూమన్ టచ్ ఉండాలి."

పేరుదేముంది? సోమవారం ప్రజలిచ్చిన అర్జీల కట్ట టేబుల్ మీదే ఉంది. పైనున్న కాగితం కొత్తవాడ రాజవ్వది. మోరీ నీళ్ళు మగ్గంలోకి వస్తున్నాయి, పడుగు నూలు కుళ్ళిపోతోంది, చూడండి సారూ అని మొరపెట్టుకుంది. పేరుంది, వాడ ఉంది, మగ్గం ఉంది, ఇంకేం కావాలి! రమాకాంత్ కలం పరుగెత్తింది. "పూడికతీత పూర్తయింది. ఇక మా మగ్గాలకు ఏ భయమూ లేదంటూ చేనేత కార్మికురాలు రాజవ్వ ఆనందబాష్పాలు రాల్చారు." మొత్తుకున్న మనిషినే ఏరికోరి పట్టుకొచ్చి సంతోషపెట్టాడు మహానుభావుడు.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దమనిషి హెలికాప్టర్ దిగుతాడని మట్టి తవ్వే యంత్రాలన్నీ అటు నేల చదును చేయడానికి పోయాయి. మేడం పొద్దుగూకేదాకా వీడియో సమావేశంలో ఇరుక్కుపోయారు. ఫొటోలు తీస్తూ పక్కనే ఉన్న రమాకాంత్‌కు కొత్తవాడ గుర్తొచ్చేసరికి పేజీ అచ్చుకు వెళ్ళిపోయింది. పోనీలే, ఎవడు చదువుతాడు అనుకున్నాడు. సర్కారు వార్తను రాసినవాడు తప్ప ఎవడూ చదవడన్న నమ్మకం మీదే ఇన్నాళ్ళూ అతని కొలువు నడిచింది.

చదివారు. గురువారం పొద్దున్నే ఆఫీసు గేటు దగ్గర డప్పులు మోగాయి. కిటికీలోంచి తొంగిచూస్తే కొత్తవాడ నేతగాళ్ళు కదిలొస్తున్నారు. ముందర చేతిలో పేపర్ మడతతో సంఘం అధ్యక్షుడు వెంకటరాజం, అతని పక్కన అరవై ఏళ్ళ బక్కపలచటి మనిషి. ఆమె రాజవ్వ అని ఎవరూ చెప్పకుండానే రమాకాంత్‌కు తెలిసిపోయింది.

వాళ్ళు కొట్లాడటానికి రాలేదు, అదే అసలు గండం. తిన్నగా మేడం గదిలోకి వెళ్ళి దండం పెట్టారు.

"అమ్మా, నేను సంబురంతోని ఏడ్సిన్నట, పేపర్ల ఏసిండ్రు" అంది రాజవ్వ. "గంత మంచిపని చేసినోళ్ళను ఉత్తగ ఇడిచిపెడ్తమా? రేపు పొద్దుగాల మా మోరి కాడ్నే మీకు శాలువ కప్పుతం. మీరు రావాలె."

శాలువా అనేసరికి మేడం ముఖం విప్పారింది. తను వెళ్ళకపోయినా పని జరిగిందనే అనుకుంటున్నారామె. నమ్మకం కోసం ఇంజినీర్ మహిపాల్‌కు ఫోన్ చేసి, అందరూ వినేలా స్పీకర్‌లో పెట్టారు.

"కొత్తవాడ అయిపోయింది మేడం. కంప్లీటని ఆన్‌లైన్ల గూడ పెట్టిన" అన్నాడు మహిపాల్.

రమాకాంత్ కళ్ళు తేలేశాడు. రాజవ్వ మాత్రం అతనికేసి ఒకసారి చూసి, పైట సర్దుకుంది.

జనం వెళ్ళాక మేడం అన్నారు: "రేపు పదింటికి. ప్రెస్ మొత్తాన్నీ పిలవండి. ఏ చిన్న తేడా రాకూడదు. వస్తే మన ఏటూరునాగారం ఆఫీసులో ఇంకో పోస్టు ఖాళీగానే ఉంది. అక్కడ గాలి చాలా బాగుంటుంది రమాకాంత్ గారూ."

రమాకాంత్‌కు ముందు అతని కుర్చీలో కూర్చున్నాయన ఇంకా ఆ గాలే పీలుస్తున్నాడు. గాలికి వంక పెట్టేదేం లేదు గాని, రమకు హనుమకొండ దవాఖానలో నర్సు ఉద్యోగం. అంటే రెండు ఊళ్ళు, రెండు పొయ్యిలు, వారానికోసారి కనబడే పిల్లలు. రమాకాంత్ పరుగెత్తుకుంటూ కిందికి దిగి మహిపాల్ మీద పడ్డాడు.

"పని జేయకుండ కంప్లీటని ఎట్ల పెట్టినవయ్యా?"

"గదేందన్నా గట్లంటవ్? పొద్దున పేపర్ల జూసిన. మనోళ్ళే ఎవలో చేసిండ్రనుకున్న. నువ్వు రాసినవంటె అయ్యే ఉంటదిగద!" మహిపాల్ ఫోన్ తీసి చూపించాడు. "ఇగో, సాక్ష్యం కింద నీ వార్తనే ఫొటో తీసి పెట్టిన."

"అయితే ఇప్పుడన్న మిషన్ పంపు. పొద్దటికల్ల తీసేద్దాం."

"ఎట్ల పంపుత? కంప్లీటయిన పనికి మళ్ళ ఆర్డర్ రాదు. కంప్యూటరే తీసుకోదు."

"మళ్ళ పూడిందని రాయి."

"ఒక్క దినంల పూడిందని రాస్తె, ఏం తీసినవ్ రా అని నన్ను పూడుస్తరు." మహిపాల్ నిజంగానే జాలిపడ్డాడు. "ఏం చెయ్యాలన్నా, చెత్త ఉంటే తీస్తం. మన లెక్కల చెత్త లేదు."

లేని చెత్త ముందు నిలబడదామని రమాకాంత్ కొత్తవాడకు ఆటో ఎక్కాడు. మోరీ అంచుదాకా నల్లగా, దిట్టంగా, ప్లాస్టిక్ సంచులతో నిగనిగలాడుతోంది. మొన్నటి వాననీళ్ళు పక్క ఇళ్ళలోంచి ఇంకా తీయలేదు. రాజవ్వ మగ్గం గుంతలో దిగి డబ్బాతో నీళ్ళు ఎత్తిపోస్తోంది. సగం నేసిన జంపఖానా తడవకుండా పైకి మడిచి కట్టి ఉంది.

"రా సారూ. నేను ఎట్ల సంబురపడ్తాన్నో చూసిపోతందుకొచ్చినవా?"

రమాకాంత్ తేలు కుట్టిన దొంగలా గడప దగ్గరే ఆగిపోయాడు. "తప్పయింది అవ్వా. రేపు శాలువ కార్యక్రమం వద్దని చెప్పు. నా కొలువు మీదికొచ్చింది."

"ఎందుకొద్దు?" రాజవ్వ డబ్బా పక్కన పెట్టింది. "మూడుసార్లు కాయిదం ఇచ్చిన కొడుకా. ఒక్కడన్న మొకం జూపించిండా? ఏడ్సుకుంట పోతే ఎవ్వలు రాలే. శాలువ కప్పుతమంటే మేడమే లేసి ఒస్తాంది. గిది ముందుగాల తెలిస్తే మొదటి కాయిదం నాడే శాలువ కొందును."

అంటే అన్నీ తెలిసే వచ్చారన్నమాట. డప్పులతో సహా! రమాకాంత్‌కు కోపం రావాలి గాని, నవ్వొచ్చింది. ఆ వెంటనే గుంతలో ఆమె మోకాళ్ళ దాకా ఉన్న నల్లనీళ్ళు చూసి సిగ్గేసింది. అతను రాసిన ఆనందబాష్పాలు ఇవే కాబోలు.

"గని మీ మేడం కుర్సీ ఏడ ఏస్తరు? గీ కంపుల కూసుంటదా?" అంది రాజవ్వ.

రమాకాంత్ ఠక్కున తలెత్తాడు. అతను నీటి లెక్కలు తెలియనివాడే గాని, సర్కారులో ఏ మాటకు ఏది కదులుతుందో తెలిసినవాడు. ఫోన్ తీశాడు.

"మహిపాల్, మోరి సంగతి ఇడిచిపెట్టు. రేపు మేడం ప్రోగ్రాం ఉన్నది. స్టేజి ఏర్పాట్లు చెయ్యాలె."

"మేడం ప్రోగ్రామా? ముందుగాల చెప్పొద్దా అన్నా! మేడం ఏర్పాట్లకు ఆర్డర్ దేనికి, నోటిమాట సాలు. ఎన్ని మిషన్లు కావాలె?"

"రెండు. మోరి పొడుగునా చదును చెయ్యాలె. మేడంకు కంపు పడదు."

"ఫికర్ చెయ్యకు."

పొద్దుగూకకముందే రెండు యంత్రాలు వచ్చాయి. అర్జీకి కదలనివి, ఫైలుకు కదలనివి, స్టేజి అన్న ఒక్కమాటకు ఊగుతూ వచ్చాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తను లారీలకెత్తించారు. కాగితాల్లో మాత్రం ఒక్క తట్ట కూడా తీయలేదు. వేదిక చదును చేశారంతే. రమాకాంత్ ప్యాంటు మడిచి అటూ ఇటూ పరుగెత్తుతుంటే, కొత్తవాడ అంతా అరుగులెక్కి చూసింది.

శుక్రవారం తెల్లవారకముందే వాన దంచికొట్టింది. పదింటికి తెరిపిచ్చాక మేడం వచ్చారు, శాలువా కప్పించుకున్నారు, పక్కన మోరీ గలగలా పారుతుంటే మురిసిపోయారు. విలేకరులు రాజవ్వ ముందు మైకులు పెట్టారు.

"నేను జెప్పేది నిన్ననే పేపర్ల ఒచ్చింది. మళ్ళ కొత్తగ ఏం జెప్త?" అనేసి ఆమె ఇంట్లోకి వెళ్ళిపోయింది.

రమాకాంత్ వెనకాలే వెళ్ళాడు. రాజవ్వ గుంత అంచున కూర్చుని మెల్లగా కాళ్ళు జారవిడిచింది. అంత వాన కురిసినా అడుగున చుక్క నీరు లేదు. మడిచి కట్టిన జంపఖానా విప్పింది. ఆమె ఏమైనా అంటుందేమో, కనీసం కళ్ళు తుడుచుకుంటుందేమోనని అతను ఎదురుచూశాడు. ఇన్నేళ్ళుగా వేల మందికి హర్షం పంచిపెట్టినవాడు, ఒక్కటంటే ఒక్క హర్షమైనా కళ్ళారా చూద్దామని నిలబడ్డాడు.

"జర జరుగు కొడుకా, ఎల్తురుకు అడ్డమొస్తాన్నవ్" అని రాజవ్వ నేతలో పడిపోయింది.

రమాకాంత్ పక్కకు జరిగాడు. మగ్గం చప్పుడు వింటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. ఆరోజు అతను రాసిన వార్తలో చివరి వాక్యం లేదు. ఏదో పొరపాటనుకుని పత్రికలవాళ్ళే "స్థానికులు హర్షం వ్యక్తం చేశారు" అని కలిపి వేసుకున్నారు.

సోమవారం వచ్చింది. అర్జీలు తీసుకునే రోజు. ఎప్పుడూ మెట్లదాకా ఉండే జనం ఆవేళ వీధి చివరిదాకా నిలబడ్డారు. ఒక్కడి చేతిలోనూ కాగితం లేదు. అందరి చేతుల్లో కవర్లున్నాయి, కవర్లలో శాలువాలున్నాయి. వరసలో మొదటాయన వంగి దండం పెట్టాడు.

"సారూ, మా వాడ మోరి బాగు చేసిండ్రట గద! మేడంకు సన్మానం చేస్తందుకొచ్చినం."

రమాకాంత్ ఆయన్ను, ఆ వెనకాల వీధంతా పరుచుకున్న శాలువాలను చూశాడు. చెప్పులు తొడుక్కుని, "పద పెద్దాయనా, ముందు మోరి చూపించు" అంటూ ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"మహిపాల్, ఇంకో స్టేజి కావాలె."

ఇంజినీర్ ఏ వాడ అనలేదు, ఎవరి కార్యక్రమం అనలేదు.

"ఎంత లోతు స్టేజన్నా?" అన్నాడు.