ఆదివారం నీళ్లు

సోమవారం పొద్దున్నే ఈతకొలనులోకి కొత్త నీళ్లు వదిలేవారు. అడుగున పరిచిన తెల్ల పలకల మీద సూది పడినా కనిపించేంత తేట. ఆ రోజు పెద్ద ఇళ్లవాళ్లు దిగేవారు. ఆ తర్వాత ఆఫీసు గుమాస్తాలు, వాళ్ల తర్వాత దుకాణాలవాళ్లు, శనివారం మిల్లు మగవాళ్లు. అందరూ ఈది, తుమ్మి, ఒళ్లు రుద్దుకుని పోయాక మిగిలింది ఆదివారం పూట. అది మిల్లు ఆడవాళ్లది. మధ్యాహ్నానికి ఎలాగూ నీళ్లు తీసేస్తారు, వీళ్లు దిగితే పోయేదేముందని ఆ పద్ధతి పెట్టినవాళ్ల ఉద్దేశం.

నీళ్లు ఒకసారి చూసిన ఈతని మరిచిపోవు గదా. వారమంతా ఎవరెలా ఈదారో అదంతా ఆదివారానికి బాగా ఊరి ఉండేది. ఒళ్లు వదిలేస్తే చాలు, ఎవరిదో చెయ్యి మోచేతిని పైకెత్తేది. ఎవరిదో కాలు వంకర మోకాలిని సరిచేసేది. "ఇవాళ మంచి చిక్కగా ఉన్నాయే నీళ్లు" అంటూ దిగేవాళ్లు దిగుతుంటే, "ఎవడో కొత్తగా నేర్చుకుంటున్నాడర్రా ఈ వారం, వాడి పుణ్యమా అని గుక్కెడు తాగాను" అని తిట్టుకుంటూ ఎక్కేవాళ్లు ఎక్కేవారు.

వాళ్లలో ఒకమ్మాయిని అందరూ బొంగరం అనేవారు. కాలు ఒక్కచోట నిలవదు. నూలు మిల్లులో కండెలు చుట్టే గదిలో పని. ఆ గదిలో గాలి కంటే దూది ఎక్కువ. వాళ్లమ్మ అదే గదిలో దగ్గి దగ్గి మంచం పట్టింది. ఈమధ్య బొంగరానికీ పొడిదగ్గు పట్టుకుంది. నీళ్లలో ఉన్నంతసేపే రాదు.

ఆదివారం నీళ్లలో ఆమెకు బాగా తెలిసిన చెయ్యి ఒకటుంది. పొడుగాటి ఎడమ చెయ్యి, సోమవారం నాటిది. అది నీళ్లని కోయదు, కాస్త పక్కకి జరగమని అడుగుతుంది. ముఖం తెలియని ఆ మనిషికి బొంగరం ప్రతి ఆదివారం మనసులోనే దండం పెట్టుకునేది.

యుద్ధం అయిపోయింది. మగవాళ్లు లేని రోజుల్లో మిల్లు నడిపింది మేం కాదా అని ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు. వాళ్ల సంఘం పట్టుబట్టగా పట్టుబట్టగా, కొలను కమిటీ దిగొచ్చింది. ఆడవాళ్ల ఈతపోటీలో ఇకమీద ఎవరైనా దిగొచ్చు. గెలిచినామెని ఆడపిల్లలకి ఈత నేర్పే పనిలో పెట్టుకుంటారు. పోటీ మాత్రం సోమవారం.

"సరిపోయింది సంబడం!" అంది బొంగరం మేనత్త. కొలను కడిగేదీ, నీళ్లు తీసి నింపేదీ ఆవిడే. "పిలిచినట్టూ ఉండాలి, రానట్టూ ఉండాలి."

"ఆ నీళ్లకేం తెలీదత్తా. నాకు అంతకన్నా తెలీదు. ఇన్నాళ్లూ ఈదింది నేనా? ఆదివారం నీళ్లు!" అంది బొంగరం. గొంతు తగ్గించింది. "ఒక్క బిందెడు పాతనీళ్లు దాచి కలపరాదూ?"

"పాలల్లో తోడేసినట్టా? నా ఉద్యోగానికే ఎసరు పెడతావేమే!" అత్త చీపురు గోడకి ఆనించింది. "మీ అమ్మని చూస్తున్నావుగా. మునిగితే మునుగు, ఒడ్డున మాత్రం కూర్చోకు."

సోమవారం వచ్చింది. గట్టు మీద వరసగా నిలబడ్డప్పుడు బొంగరం పక్కనున్నామె చేతులు విదుల్చుకుంటోంది. డాక్టరుగారమ్మాయి. బొంగరం ఆ ఎడమ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"మీరేనాండీ! ఈ చెయ్యి నాకు బాగా తెలుసు. నాకు ఈత నేర్పింది ఇదే."

డాక్టరుగారమ్మాయి తన చేతిని తనే వింతగా చూసుకుంది. "అదృష్టవంతురాలివి. నాకు ఎవరి చెయ్యీ తెలీదు. మా రోజు నీళ్లు ఒట్టి నీళ్లు."

ఈల మోగింది. అవతలి గోడ ముట్టుకుని వెనక్కి రావాలి. కొత్త నీళ్లలో బొంగరం రాయిలా పడింది. ఎత్తే చెయ్యి లేదు, దిద్దే కాలు లేదు. ఎవరూ లేని ఇంట్లో దీపం కోసం తడుముకున్నట్టుంది. అందరూ ఆమెని దాటిపోయారు. గట్టు మీద ఎవరో నవ్వారు. "మునగవే, పరవాలేదు, కానీ ఆగకు!" అని అత్త గొంతు చించుకుంది.

అందరికన్నా చివరన ఈదుతూ గోడ ముట్టుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు ఆమె మోచేయి దానంతటదే పైకి లేచింది.

ముందు అందరూ ఈదేసిన నీళ్లవి. ఎప్పుడూ అందరి తర్వాతే దిగడం ఆమెకి అలవాటే గదా. సోమవారం పొద్దున్నే ఆమె ఒక్కదానికే ఆదివారం వచ్చేసింది. పొడుగాటి ఎడమ చెయ్యి వచ్చి ఆమె చేతిలో చేరింది. ఒకరిని దాటింది, మరొకరిని దాటింది. ఆఖరున డాక్టరుగారమ్మాయి పక్కకి చేరేసరికి ఇద్దరి చేతులూ ఒకేలా లేస్తున్నాయి, ఒకేలా పడుతున్నాయి. గోడ అందుతుందనగా బొంగరం మణికట్టు చటుక్కున తిరిగింది. అది ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. కండె నిండగానే దారం తెంపే తిప్పు. ఆ తిప్పుతో ఆమె వేళ్లు ముందు తగిలాయి.

"నా చెయ్యే నన్ను ఓడించిందన్నమాట!" రొప్పుతూనే నవ్వేసింది డాక్టరుగారమ్మాయి.

"నూరేళ్లు చల్లగా ఉండాలండీ ఆ చెయ్యి" అంది బొంగరం, దాన్ని తడికళ్లకి అద్దుకుంటూ.

ఈత నేర్పే పనిలో చేరిన మొదటి సోమవారం, అందరికన్నా ముందు నీళ్లలోకి దిగాల్సింది ఆమే. తేటనీళ్లు. ఏమీ తెలియని నీళ్లు.

"దిగవే, ఏం చూస్తావు?" అంది అత్త.

బొంగరం దిగింది. జీవితంలో మొదటిసారి తొందరపడకుండా ఈదింది. పసిపిల్ల చేత అక్షరాలు దిద్దించినట్టు ప్రతి చెయ్యీ నిదానంగా, పూర్తిగా వేసింది. మణికట్టు తిప్పడం మాత్రం మానలేదు.

ఆదివారం కండెల గది ఆడవాళ్లు వచ్చారు. అందరిలోకీ పెద్దామె ఏళ్ల తరబడి గోడ పట్టుకునే తడిసి వెళ్లిపోయేది. ఆవేళ గోడ వదిలేసింది. కొలను నడిమధ్యకి వెళ్లాక గానీ ఆ సంగతి ఆమెకే తెలియలేదు. అక్కణ్ణుంచి చెయ్యి గాల్లోకెత్తి, మణికట్టు తిప్పి చూసుకుని కేకేసింది.

"ఒసే, ఇది మన గది చెయ్యేనర్రా!"