మగ్గం గుంటలో పిల్లి

నాడె పోగును లాక్కుంటూ కుడిచేతి నుంచి ఎడమచేతికి దూకింది గాని, లక్ష్ముడి ఎడమకాలు పలక మీద పడలేదు. గాలిలోనే ఆగింది. కింద గుంటలో, తొక్కుడు పలకకీ మట్టిగోడకీ మధ్య ఒక తోక అడ్డంగా పడి ఉంది. చివర నల్లటి పట్టీలున్న తోక. అతను మడమతో దాన్ని మెల్లగా పక్కకి నెట్టాడు.

"ఒసే, తోక తియ్యే."

తోక కదిలింది. పలక దిగింది. పడుగు నోరు తెరిచింది. నాడె మళ్లీ పోయింది.

పొందూరు నేతవీధిలో ఆ ఇంటి మగ్గం చప్పుడు మిగతా మగ్గాల చప్పుడులా ఉండదు. నడుమ నడుమ ఒక దెబ్బ తప్పుతుంది. ముసలాడికి కాళ్లనొప్పులని వీధిలోవాళ్లు అనుకుంటారు. అనుకోనీ అని అతను ఊరుకున్నాడు. పిల్లి కోసం కాలు ఎత్తి పట్టుకుంటున్నానని చెప్పుకోవడం కంటే అదే నయం.

అరవై దాటిన మనిషి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడేమో, పాదాలు పాలిపోయి, మెత్తబడి, వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టుంటాయి. మీసం గంజి పట్టినట్టు బిరుసుగా ఉంటుంది. మాట తక్కువ. ఉన్న మాట కూడా మెత్తనిది కాదు. పెళ్లిలో పెట్టిన బట్ట నాసిరకమని మేనత్త మీద అలిగి, ఆమె చావుకి కూడా వెళ్లలేదు. బావమరిది సూరయ్యది పక్కిల్లే. తన సొంత అక్క, లక్ష్ముడి పెళ్లాం దేముడమ్మ, శ్రీకాకుళం ఆస్పత్రిలో ఉన్నప్పుడు సూరయ్య ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఆ తరవాత లక్ష్ముడు అతనితో మాట్లాడలేదు. మధ్య గోడ నడుమెత్తు ఉంటుంది. ఇద్దరూ రోజూ గోడకి చెరోపక్కా పళ్లు తోముకుంటారు. ఒకరి ముఖం ఒకరు చూడరు.

దేముడమ్మ బతికున్నన్నాళ్లూ ఆమెను అతను ఒసే అనే పిలిచాడు. పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. నోట్లు రద్దయిన శీతకాలంలో ఆమె పోయింది. ఆ పిలుపు కూడా ఆమెతోనే పోవలసింది. పిల్లి ఉండబట్టి ఇంట్లో మిగిలింది.

పిల్లిని తెచ్చింది దేముడమ్మే. తెచ్చింది అనకూడదు, పుట్టించుకుంది. ఇంట్లో ఒక బూడిదరంగు ఊరపిల్లి ఉండేది. ఒక ఎండాకాలం అది కనబడకుండా పోతే, వెతుకుతూ ఊరి పక్క పారే గెడ్డ వైపు వెళ్లిన దేముడమ్మ, రెల్లుదుబ్బుల పక్కన దాన్ని ఒక అడవిపిల్లితో చూసింది. పొడుగు కాళ్లు, ఇసకరంగు ఒళ్లు, చెవుల కొసన నల్ల కుచ్చులు. ఇంటికొచ్చి, మనింటికి అల్లుడొచ్చినాడని మొగుడికి చెప్పి నవ్వింది. అతను నవ్వలేదు. తరవాత పుట్టిన పిల్లల్లో ఒక్కటే బతికింది. దానికి తల్లి నుంచి వచ్చింది ఇల్లు మాత్రమే. మిగతాదంతా తండ్రిదే. మ్యావ్ అనడం కూడా రాదు. గొంతులో ఏదో అడ్డుపడినట్టు గరగరమంటుంది.

దేముడమ్మ పత్తి దువ్వేది. వాలుగ చేప దవడ ఒకటి, వరసగా సన్నటి పళ్లున్నది, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకుంది. గింజ తియ్యని కొండపత్తిని ఆ పళ్లతో దువ్వితే నలుసు రాలి పీచు సాపవుతుంది. సర్రు సర్రుమని చప్పుడు. ఆ చప్పుడు వింటే పిల్లి ఎక్కడున్నా వచ్చి ఆమె మోకాలికి తల ఆనించేది. మొదట చేప వాసనకే వచ్చింది, దవడ కొస కొరికింది కూడా. దేముడమ్మ నోటికొచ్చినట్టు తిట్టి, ఒక ఎండు నెత్తలి చేప పడేసింది. ఆ తరవాత దువ్వడానికి కూర్చుంటే చాలు, కొంగులో నెత్తళ్లు కట్టుకునే కూర్చునేది. ఆమె పోయాక ఆ వీధిలో దువ్వేవాళ్లు ఎవరూ మిగల్లేదు. లక్ష్ముడు వడికిన నూలు బయటినుంచి తెచ్చుకుంటున్నాడు. దవడ దూలం సందులో ఉంది. పిల్లి గుంటలోకి మారింది.

పొద్దెక్కాక వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. అటవీశాఖ గార్డు ధర్మేంద్ర దిగాడు. శ్రీకూర్మం వైపు కుర్రాడు, ఖాకీ ఇంకా ఒంటికి అలవాటు కాలేదు. ఖద్దరు నేత చూడడానికి వచ్చిన పట్నం పిల్ల ఎవరో గుంటలో పిల్లిని ఫోటో తీసి, పులిపిల్లను కాళ్లదగ్గర పెట్టుకుని నేస్తున్న తాత అని ఊరంతటికీ పంపించిందట. అది తిరిగి తిరిగి వాళ్ల ఆఫీసుకి చేరింది.

అతను గుంట అంచున గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు. పిల్లి అతన్ని చూసి గరగరమంది. అది పుట్టిన సంగతి లక్ష్ముడు రెండు ముక్కల్లో చెప్పాడు.

"తాతా, అడవిపిల్లిని ఇంట్లో ఉంచుకుంటే కేసు. ఊరపిల్లయితే మాకు పన్నేదు. మరిదేటి, తల్లి ఊరిది, తండ్రి అడవిది అంటన్నావు. ఇలాటిదాన్ని ఏటనాలో మా సార్లకీ తెల్దు. ఆళ్లు నన్నే తేల్చమన్నారు. నువ్వేటంటే అదే నాను రాసీసుకుంటాను. ఊరపిల్లనే అను, ఎల్లిపోతాను."

లక్ష్ముడు పోగు తెగిందని వంగి చూసుకున్నాడు. సాయంత్రం బోను తీసుకుని వస్తానని, అవసరం పడదనే అనుకుంటున్నానని, ఈలోగా ఆలోచించుకోమని చెప్పి కుర్రాడు వెళ్లిపోయాడు.

ఆలోచించడానికి ఏముంది. ఊరపిల్లి అంటే సరిపోతుంది. లక్ష్ముడు తెగిన పోగు ముడేసి, చాలా రోజుల తరవాత ఒక దెబ్బ కూడా తప్పకుండా కాసేపు నేశాడు. పిల్లి తోక తనే సర్దుకుంది.

మధ్యాహ్నం గురమ్మ వచ్చింది. సూరయ్య పెళ్లాం. మొగుడు కునుక్కి మంచం ఎక్కగానే గోడ మీంచి కూరగిన్నె అందించడం ఆమెకు అలవాటు. ఈ రోజు గిన్నె అందించకుండా చుట్టూ తిరిగి వాకిట్లోకే వచ్చింది. గిన్నెలో వంకాయ, ఎండురొయ్యల కూర. కింద పెట్టి, నిలబడే ఉంది.

"అన్నియ్యా, మీ బామ్మరిది సంతలో పురుగుమందు గుళికలు తెచ్చినాడు. పొలంలో పురుగు నేదు."

లక్ష్ముడు తల ఎత్తాడు.

"మొన్న పెట్ట పోయినాది కదా, పిల్లల కోడి. అది మీ పిల్లి పనేనంటన్నాడు. గార్డు ఊరపిల్లని రాసీసి ఎల్లనీ, అప్పుడు సూసుకుంటానన్నాడు. నాను సెప్పినానని అనకు. నన్ను సంపీగలడు."

ఆమె మాట అబద్ధం కాదని లక్ష్ముడికి తెలుసు. పెట్టను పిల్లి పట్టిన మాటా అబద్ధం కాదు. ఈకలు గుంటలోంచి తనే ఏరాడు. కిందటి దసరాకి తల్లిపిల్లి ఆ గోడ పక్కనే నోట్లో నురగతో పడి ఉంది. దాని ముందు సగం తిన్న చేపతల. అప్పుడు సూరయ్య గోడ అవతల నిలబడి, తన కోళ్లకి చెబుతున్నట్టు, వీధికంతా వినబడేలా అన్నాడు.

"పిల్లి సచ్చినాదని ఎవుడే కేసెడతాడు?"

అది నిజమే. ఎవడూ పెట్టలేదు.

గురమ్మ వెళ్లాక లక్ష్ముడు అన్నంలో కూర కలిపి, రొయ్యలు ఏరి గుంట అంచున పెట్టాడు. పిల్లి రెండు ముందుకాళ్లూ అంచు మీద వేసి, ముందు అతని వేళ్లు వాసన చూసి, తరవాత తింది. తిన్నాక గోడ వైపు చూసింది. అవతల పెట్ట ఒకటి పిల్లల్ని పిలుస్తోంది. పిల్లి చెవుల మీది కుచ్చులు రెండూ అటు తిరిగాయి.

"నీకూ బుద్ధి నేదు" అన్నాడు.

దాన్ని కట్టెయ్యవచ్చు. తాడు తెచ్చి మెడ దాకా తీసుకెళ్లాడు కూడా. పిల్లి తాడును ఆట అనుకుని పంజాతో కొట్టింది. అతను తాడు చుట్టి పక్కన పెట్టేశాడు. పొద్దు వాలేదాకా నేశాడు. ఆ నేసిన ముక్కలో నేత ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా వచ్చింది. అంత చెడ్డ నేత అతను ఎప్పుడూ నెయ్యలేదు.

సాయంత్రం ధర్మేంద్ర తీగల బోను మోటారుసైకిలు వెనక కట్టుకుని వచ్చాడు. సూరయ్య గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. నోట్లో చుట్ట. ముఖం ప్రశాంతంగా ఉంది. పిల్లి ఇంటి పెంకుల మీద చేరి, ముగ్గురినీ పైనుంచి చూస్తోంది.

"మరి ఏటంటావు తాతా?"

లక్ష్ముడు గుమ్మంలో కూర్చున్నాడు. తన తెల్లటి పాదాల వైపు చూసుకుంటూ అడిగాడు.

"ఊరపిల్లిని ఎవుడేనా మందెట్టి సంపితే నువ్వేటి సేస్తావు?"

"నాకాడేటీ అవదు. అది పోలీసోల్లకి సెప్పుకోవాలి."

"ఆళ్లొస్తారేటి?"

కుర్రాడు నవ్వేశాడు.

"అడవిపిల్లినైతే?"

"అదా. జైలే. మా రేంజరు సారు ఒగ్గడు."

లక్ష్ముడు అప్పుడు లేచాడు. ఏళ్ల తరవాత మొదటిసారి సూరయ్య ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఇన్నావా? అది అడవిదే." కుర్రాడి వైపు తిరిగాడు. "రాసీ."

సూరయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. గార్డు వైపు చూసి, లోపలికి వెళ్లిపోయాడు.

ధర్మేంద్ర బోను తాళ్లు విప్పాడు. తరవాత, అలాగైతే ఇప్పుడే పట్టుకెళ్లాలని, దాని తండ్రి జాతి ఉన్నచోటే, గెడ్డ పక్క రెల్లులో వదిలేస్తానని అన్నాడు. అక్కడ తిరుగుతుంటాను, దాని మీద చెయ్యి పడనివ్వను అన్నాడు. ఒక్కటే షరతు. మళ్లీ పిలవకూడదు, తిండి పెట్టకూడదు. ఇంటికి మరిగిందంటే తాతమీదే కేసు. చెబుతున్నప్పుడు అతని గొంతు తగ్గింది.

పిల్లి పెంకుల మీంచి దిగలేదు. బోను చూసిన దగ్గర్నుంచీ వెన్ను నిక్కబొడుచుకుని ఉంది. కుర్రాడు ఎక్కబోయాడు. లక్ష్ముడు వద్దని చెయ్యూపి లోపలికి వెళ్లాడు.

దూలం సందులోంచి దవడ తీశాడు. మూల బుట్టలో దేముడమ్మ దువ్వకుండా వదిలిన కొండపత్తి ఇంకా ఉంది. ఆమె కూర్చునే చోట, గోడకి నూనె మరక ఉన్న చోట కూర్చున్నాడు. ఆ పని అతను ఎప్పుడూ చెయ్యలేదు. ఆడవాళ్ల పని. పత్తి ఎడమచేత్తో పట్టుకోవాలో కుడిచేత్తో పట్టుకోవాలో తెలియలేదు. మొదటి దువ్వుకి గింజ ఊడి ఎగిరిపోయింది. రెండోది గోరుకి తగిలింది. తరవాత వచ్చింది, సర్రు సర్రుమని.

పెంకు కదిలిన చప్పుడు. పిల్లి గుమ్మంలో నిలబడి చూసింది. కూర్చున్నది ఆమె కాదని దానికి తెలుసు. అయినా వచ్చింది. వచ్చి మోకాలికి తల ఆనించింది. అతను దువ్వడం ఆపలేదు. గొంతులోంచి ఆ గరగర అతని ఎముకలోకి పాకింది. ఇంట్లో మిగిలిన ఆఖరి నెత్తళ్లు బోనులో వేసి, దాన్ని తనే ఎత్తి లోపల పెట్టాడు. అది అతని చేతులు గీరలేదు.

గెడ్డ దాకా బోను ఒళ్లో పెట్టుకుని మోటారుసైకిలు మీద వెనక కూర్చున్నాడు. రెల్లు దగ్గర తలుపు తీశాక పిల్లి వెంటనే పోలేదు. బయటికొచ్చి, ఒళ్లు విరుచుకుని, గాలి వాసన చూసి, దుబ్బుల్లోకి నడిచింది. పరుగెత్తలేదు. తోక చివరి నల్లపట్టీలు కాసేపు కనిపించాయి, తరవాత రెల్లు కదలడం కనిపించింది, తరవాత అదీ లేదు.

"దిగులెట్టుకోకు తాతా" అన్నాడు ధర్మేంద్ర.

"నాకేటి దిగులు" అన్నాడు లక్ష్ముడు.

ఇంటికొచ్చి దీపం వేసి మళ్లీ గుంటలో దిగాడు. నాడె కుడిచేతి నుంచి ఎడమచేతికి దూకింది. ఎడమకాలు గాలిలో ఆగింది. ఎంతసేపు ఆగిందో అతను గమనించలేదు. తరవాత దించాడు. ఆ వీధిలో ఆ మగ్గం దెబ్బ ఇప్పటికీ నడుమ నడుమ తప్పుతుంది.

గోడ అవతల కోళ్లు సద్దుమణిగాయి. దువ్వే చప్పుడు గెడ్డ దాకా వినబడి పిల్లి తిరిగొస్తుందేమోనని అతను మళ్లీ పత్తి దువ్వలేదు. దవడ దూలం సందులోకి వెళ్లిపోయింది, పళ్ల మధ్య చిక్కుకున్న ఇంత కొండపత్తితో, అందులో ఇసకరంగు వెంట్రుకలు కొన్నిటితో, కొసన పిల్లి చిన్నప్పటి పంటిగాట్లతో.