చెవిపుట్టగొడుగుల సినిమా

టీవీలో ప్రభుత్వం రెండేసి నిమిషాల సినిమాలు వేసే రోజులవి. పళ్లెలా తోముకోవాలో, గడ్డకట్టిన చెరువు మీద ఎలా నడవాలో ఫిన్లాండ్ జనానికి హెల్సింకీలో కూర్చున్నవాళ్లు నేర్పేవారు. ఆ వసంతంలో చెవిపుట్టగొడుగుల వంతు వచ్చింది. పచ్చివి తింటే ప్రాణం తీస్తాయి. రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోస్తే మాత్రం జనం లొట్టలేసుకుంటూ తింటారు.

షూటింగుకు మౌరా వంటిల్లు దొరికింది. యుద్ధంలో రష్యా పాలైన కరేలియా వదిలి ఈ ఊరొచ్చిన నాటి నుంచీ ఆమె వాటిని వండుతూనే ఉంది. మొదట్లో ఊళ్లోవాళ్లు "పశువుల మేత తింటారు వీళ్లు" అని వెక్కిరించేవారు.

"మీరు ఏమీ తెలియని ఇల్లాలు. వంటల సలహాదారు సిర్క గారు వచ్చి నేర్పుతారు," అన్నాడు దర్శకుడు రైమో.

మౌరా ఆ సలహాదారు తెల్లకోటును ఎగాదిగా చూసింది. "వీటిని ఎప్పుడైనా వండావా తల్లీ?"

"పుస్తకంలో చదివానండీ."

"అబ్బో!"

కుండ మరిగింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. "ఆ ఆవిరీ విషమే నాయనా, కిటికీ తెరువు," అంది మౌరా.

"పక్షుల గోల రికార్డవుతుందమ్మా. మీరు అమాయకంగా చూడండి, చాలు."

చూడమన్నాడు కదా అని గుమ్మం దగ్గర నిలబడి చూసింది. తీసిందే తీస్తూ గంట గడిపారు. కెమెరా అతను తల పట్టుకున్నాడు. సిర్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మౌరా కిటికీలు బార్లా తెరిచి, ఆమెను రెక్క పట్టుకుని మెట్ల మీదకు లాక్కొచ్చింది. అక్కడే కక్కుకుంది పాపం సిర్క.

"ఈ పేజీ లేదా పుస్తకంలో?"

సినిమా వచ్చిన రోజు పొరుగింటి హిల్మ అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టి కాఫీ పోసింది. తెరమీద మౌరా నోరు తెరుచుకుని చూస్తోంది. సిర్క నవ్వుతూ కిటికీ తెరిచింది. "ఆవిరి ప్రమాదమని మన గృహిణులకు తెలియదు," అని ఒక గొంతు జాలిపడింది.

"అయ్యో మౌరా, ఇన్నేళ్లూ కిటికీలు మూసే వండావా?" అంది హిల్మ. పశువుల మేత అన్నవాళ్లలో ఆవిడదే పెద్ద గొంతు.

"ఆ నవ్వేది మా మెట్ల మీద కక్కుకుంది. అది కత్తిరించేశారు."

"ఊరుకో! ప్రభుత్వం అబద్ధాలు చూపిస్తుందా?"

మౌరాకు ఒళ్లు మండింది. అందరి ముఖాలూ ఒక్కసారి కలియజూసింది. వీళ్లకా చెప్పడం? కాఫీ సగంలో వదిలి ఇంటికి వచ్చేసింది.

మరుసటి వసంతంలో హిల్మ బుట్ట పట్టుకుని వచ్చింది. సినిమా పుణ్యమా అని ఇప్పుడు ఊరంతా చెవిపుట్టగొడుగుల మీద పడింది. "ఎక్కడ దొరుకుతాయో చెప్పవే, నీకు అడవంతా తెలుసుగా!"

"నాకేం తెలుసు? అమాయకురాల్ని. హెల్సింకీకి ఉత్తరం రాసి అడుగు," అని మౌరా తలుపేసుకుంది.